గోదావరి డెల్టాలో సర్వే: అందరికీ చోటు దక్కేలా శాంపిల్ తీయడం ఎలా?

ప్రాజెక్టు చేసే డిగ్రీ పిల్లలు, స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసేవాళ్లు, రైతు సంఘాలవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: "మా మండలంలో సర్వే చేయాలండీ, ఎంతమందిని అడిగితే సరిపోతుంది?" సంఖ్య సంగతి నాలుగో మెట్టులో వస్తుంది. అంతకంటే ముందు ఎవరిని అడగాలి, వాళ్లను ఎలా ఎంచాలి అన్నది తేలాలి. అది తేలకపోతే రెండు వేలమందిని అడిగినా లాభం లేదు.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. ఆ మాట ఒకే గిన్నెలో ఉడికిన అన్నానికి. డెల్టాలో ఒక్క మండలంలోనే నాలుగు గిన్నెలుంటాయి. ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువకు దగ్గరగా ఉన్న ఊరికి నీళ్లు ముందుగా, నిండుగా అందుతాయి. అదే కాలువ శివారు ఊరు వంతు కోసం ఎదురుచూస్తుంది. ఏటి మధ్య లంకలో ఉన్నవాళ్లకు బజారుకు వెళ్లాలన్నా రేవు దాటాలి. సముద్రం ఒడ్డు పల్లెల్లో బోరు వేస్తే చాలాచోట్ల ఉప్పునీళ్లే పడతాయి. ఇంత తేడా ఉన్నచోట అందరినీ ఒకే జాబితాలో కలిపేసి నాలుగు వందల ఇళ్లు తీస్తే, చిన్న విభాగాలకు దక్కే చోటు అదృష్టం మీద ఆధారపడుతుంది.

దీనికి మార్గం స్ట్రాటిఫైడ్ శాంప్లింగ్, పుస్తకాల తెలుగులో స్తరీకృత నమూనా. ఇందులో మూడు పనులు: జనాన్ని విభాగాలుగా విడదీయడం, ప్రతి విభాగంలోనూ విడిగా లాటరీ తీయడం, చివర్లో వచ్చిన జవాబులను ఆయా విభాగాల అసలు పరిమాణం ప్రకారం కలపడం. మొదటి పని అందరూ చేస్తారు. రెండోదీ మూడోదీ ఎక్కువమంది వదిలేసి, "మేం అన్ని రకాలవాళ్లనూ అడిగాం" అని రాసేస్తారు. అందుకే ఇక్కడ ఆ రెండింటి గురించే ఎక్కువ చెబుతాను.

మొదటినుంచి చివరిదాకా ఒకే ఉదాహరణ పట్టుకుని వెళ్దాం. అంకెలు లెక్క తేలిగ్గా అర్థం కావడానికి నేను వేసుకున్నవి, ఏ మండలానివీ కావు. ఒక తీర మండలంలో 12,000 కుటుంబాలు ఉన్నాయి. వేసవిలో కాలువలు కట్టేశాక తాగేనీళ్లకు ఎన్ని కుటుంబాలు ఇబ్బంది పడుతున్నాయో తెలుసుకోవాలి.

## 1. ప్రశ్నను, జనాభాను ఒక్క వాక్యంలో రాయండి

కాగితం మీద రాయాలి, మనసులో అనుకుంటే చాలదు. "మండలంలో నివసిస్తున్న కుటుంబాల్లో, గత మే నెలలో తాగేనీళ్ల కోసం ఇబ్బంది పడ్డవి ఎన్ని శాతం?" ఈ వాక్యంలో నాలుగు నిర్ణయాలున్నాయి: లెక్క మనుషులదా, కుటుంబాలదా, ఏ ప్రాంతం, ఏ కాలం, దేన్ని కొలుస్తున్నాం.

"ఇబ్బంది" అంటే ఏమిటో కూడా ఇప్పుడే తేల్చుకోండి. డబ్బు పెట్టి టిన్ను కొనుక్కోవడం ఇబ్బందేనా? ట్యాంకర్ కోసం వేచి ఉండటమా? "గత మే నెలలో, తాగడానికి నీళ్లు లేక ఏదో ఒక రోజు వేరే ఊరినుంచి తెచ్చుకున్నారా?" అని అడిగితే జవాబు స్పష్టంగా వస్తుంది. "నీటి సమస్య ఉందా?" అని అడిగితే ఉందనేవాళ్లే ఎక్కువ, దానితో మీరేమీ చేయలేరు.

"నివసిస్తున్న" అన్న మాట కూడా చిన్నది కాదు. ఇటుక బట్టీల దగ్గర ఆరునెలలు ఉండి వెళ్లే వలస కుటుంబాలు, రొయ్యల చెరువు గట్ల మీద షెడ్లలో కాపలా ఉండేవాళ్లు మీ లెక్కలోకి వస్తారా రారా? వస్తారని అనుకుంటే వాళ్లను జాబితాలోకి ఎక్కించే దారి మూడో మెట్టులో చూసుకోవాలి. రారనుకుంటే నివేదికలో ఆ ముక్క బాహాటంగా రాయాలి.

## 2. విభాగాలు గీయండి, తక్కువే గీయండి

విభాగం గీసేటప్పుడు మూడు విషయాలు చూసుకోండి.

- లోపల ఉన్నవాళ్లు ఒకరికొకరు దగ్గరగా, బయటివాళ్లతో తేడాగా ఉండాలి. ఆ తేడా మీరు అడిగే విషయంలో ఉండాలి.
- ప్రతి కుటుంబం ఒక్క విభాగంలోనే పడాలి. రెండింట్లోనూ పడకూడదు, దేంట్లోనూ పడకుండానూ ఉండకూడదు.
- లాటరీకి ముందే ఎవరు ఎందులో పడతారో మీకు తెలిసి ఉండాలి. ఇంటికెళ్లి అడిగితే తప్ప తెలియని విషయంతో విభాగం గీయలేం.

నీళ్ల సర్వేకి ఊరు ఎక్కడుందన్నదే పెద్ద తేడా. కాబట్టి:

- కాలువ ఎగువ ఊళ్లు: 5,400 కుటుంబాలు
- కాలువ శివారు ఊళ్లు: 3,600
- సముద్రతీర పల్లెలు: 1,800
- లంకలు: 1,200

సర్వే విషయం మారితే గీతలూ మారాలి. పంట పెట్టుబడి గురించైతే సొంత భూమి రైతు, కౌలు రైతు అన్న తేడా ముఖ్యం. రొయ్యల చెరువుల కరెంటు ఖర్చు గురించైతే చెరువు విస్తీర్ణం ముఖ్యం. పాత సర్వేలోని విభాగాలను ఎత్తి కొత్తదానికి అతికించకండి.

చాలామంది ఇక్కడ అత్యుత్సాహానికి పోతారు. ఊరు, కులం, భూమి, ఆదాయం అన్నీ కలిపి నలభై గళ్లు గీస్తారు. ఒక్కో గడిలో ఎనిమిదీ పదీ ఇళ్లు మిగులుతాయి, దేని గురించీ ఏమీ చెప్పలేని పరిస్థితి వస్తుంది. మండల స్థాయి సర్వేకి మూడు నుంచి ఆరు విభాగాలు చాలు. మిగతా తేడాలకు ఆరో మెట్టులో ఇంకో ఉపాయం ఉంది.

## 3. జాబితా తయారు చేసుకోండి

ఓపికంతా ఇక్కడే కావాలి. లాటరీ ఎంత న్యాయంగా తీసినా జాబితాలో లేని ఇంటికి అవకాశం సున్నా.

ఏ ఒక్క జాబితా కూడా పూర్తిగా సరిపోదు. దేంట్లో ఎవరు జారిపోతారో తెలుసుకుని వాడుకోవాలి.

ఓటర్ల జాబితాలో ఇంటి నంబర్లు ఉంటాయి కాబట్టి ఇళ్లు గుర్తుపట్టడానికి పనికొస్తుంది. కానీ ఊరు వదిలి వెళ్లినవాళ్ల పేర్లు ఉండిపోతాయి, కొత్తగా వచ్చినవాళ్ల పేర్లు ఉండవు. బియ్యం కార్డుల జాబితాలో కార్డు లేని కుటుంబాలు ఉండవు. పంచాయతీ ఇంటి పన్ను రిజిస్టర్‌లో అద్దెకున్నవాళ్లు కనబడరు, ఒక ఇంట్లో రెండు కుటుంబాలుంటే ఒకటే లెక్క. పంట నమోదు జాబితా పట్టుకుంటే, నోటిమాట మీద కౌలుకు చేసే రైతులు చాలామంది జారిపోతారు. డెల్టాలో సాగు ఎక్కువగా కౌలు మీదే నడుస్తుంది కాబట్టి రైతుల సర్వేలో ఇది చాలా పెద్ద లోటు.

జనాభా లెక్కలు వాడేవాళ్లకు ఒక జాగ్రత్త. 2011 పట్టికలు పాత జిల్లాల ప్రకారం ఉంటాయి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాయి. ఇప్పటి కోనసీమ మండలాలను పాత తూర్పు గోదావరిలో వెతకాలి. ఇప్పుడు తూర్పు గోదావరిలో ఉన్న కొవ్వూరు, నిడదవోలు పాత పట్టికల్లో పశ్చిమ గోదావరి కింద కనిపిస్తాయి.

నా సలహా ఏమిటంటే, ఒక జాబితాను ఆధారంగా తీసుకుని, ఊళ్లోకి వెళ్లి సరిచేసుకోండి. ఇద్దరు కలిసి, చేతిగీత పటం పట్టుకుని, ఊరి ఒక చివరినుంచి మొదలుపెట్టి ప్రతి వీధీ నడవాలి. ఊరు దాటాక ఉండే పేటలు, కొత్తగా కట్టిన కాలనీలు, పుంత పక్కన వేసుకున్న గుడిసెలు, చెరువు గట్టు షెడ్లు అన్నీ రాయాలి. ఊరి మధ్య రోడ్డు వెంటే నడిచి వచ్చేసిన జాబితాలో పోయేది ఎప్పుడూ పేటే. అన్యాయం మొదలయ్యేదీ అక్కడే.

జాబితా చెక్‌లిస్ట్:

- ప్రతి ఇంటికీ ఒక వరుస నంబరు, విభాగం పేరు, ఊరు, వీధి లేదా పేట పేరు ఉన్నాయా?
- ఒకే పొయ్యి మీద వండుకునేవాళ్లు ఒక కుటుంబం అన్న లెక్క అన్ని ఊళ్లలో ఒకేలా పాటించారా?
- ఒకే కుటుంబం రెండుచోట్ల రాశారా?
- తాళం వేసి ఉన్న ఇల్లు: ఊళ్లో ఉంటూ బయటికెళ్లారా, గల్ఫ్‌కో హైదరాబాద్‌కో పూర్తిగా వెళ్లిపోయారా? పక్కింట్లో అడిగి రాశారా?
- ఆధార్ నంబర్లు, ఫోన్ నంబర్లు అనవసరంగా రాసుకోలేదు కదా?

## 4. ఎంతమంది కావాలి

శాతాలు కొలిచే సర్వేకి, 95 శాతం నమ్మకంతో (అంటే ఇలాంటి లాటరీ వందసార్లు తీస్తే దాదాపు 95 సార్లు అసలు శాతం ఆ తేడా లోపలే ఉండేలా), 5 పాయింట్లు అటూ ఇటూ తేడాతో చెప్పాలంటే సుమారు 384 జవాబులు కావాలి. ఇది సాధారణ లాటరీకి వేసే లెక్క: 1.96 × 1.96 × 0.5 × 0.5 ను 0.05 × 0.05 తో భాగిస్తే వస్తుంది. 1.96 అన్నది 95 శాతం నమ్మకానికి వాడే అంకె, 0.5 అంటే సగం మంది ఔనంటారన్న అంచనా, 0.05 అంటే ఆ 5 పాయింట్లు. 12,000 కుటుంబాలున్నా, లక్ష ఉన్నా ఈ సంఖ్య పెద్దగా మారదు. "జనాభాలో పది శాతం తీయాలి" అన్న నియమం ఎక్కడా లేదు.

మనం 400 అనుకుందాం. ఇవి పూర్తయిన జవాబులు. వందలో ఎనభై ఇళ్లే జవాబిస్తాయని అంచనా ఉంటే లాటరీలో 500 ఇళ్లు తీయాలి. ఈ అదనం ముందే తీసి పెట్టుకుంటే, ఫీల్డ్‌లో "ఈ ఇల్లు లేదు కాబట్టి పక్కిల్లు" అనే పని తప్పుతుంది.

## 5. విభాగాలకు పంచండి

సులువైన దారి దామాషా. జనాభాలో వాటా ఎంతో శాంపిల్‌లోనూ అంతే. ఎగువకు 45 శాతం కాబట్టి 180, శివారుకు 120, తీరానికి 60, లంకలకు 40. మండలం మొత్తానికి ఒకే అంకె కావాలంటే ఇది చాలు, ఇక్కడితో ఆగిపోవచ్చు.

లంకల గురించి విడిగా కూడా చెప్పాలనుకుంటే 40 చాలవు. 40 ఇళ్లతో వచ్చే శాతం 15 పాయింట్లకు పైగా అటూ ఇటూ ఊగుతుంది. యాభై శాతం అని మీరు రాసింది నిజానికి 35 కావచ్చు, 65 కావచ్చు. 80 ఇళ్లు తీస్తే ఆ ఊపు 11 పాయింట్లకు తగ్గుతుంది. అందుకని చిన్న విభాగాలకు కావాలనే ఎక్కువ ఇస్తాం:

- ఎగువ: 130
- శివారు: 110
- తీరం: 80
- లంకలు: 80

డెల్టాలో నేనైతే ఈ రెండో దారే పడతాను. లంకవాళ్ల మాట సగటులో కలిసిపోయి కనబడకుండా పోవడం ఇక్కడ మామూలు. వాళ్లకు విడిగా ఒక అంకె ఉంటే ఆ మాట వినబడుతుంది. అయితే ఇలా ఎక్కువ ఇచ్చినప్పుడు పదో మెట్టులోని వెయిట్లు (ఒక్కో జవాబు ఎన్ని కుటుంబాల తరఫున లెక్కకు వస్తుందో చెప్పే అంకెలు) తప్పనిసరి.

సగటు ఖర్చు, మొత్తం ఆదాయం లాంటివి కొలుస్తుంటే ఇంకో మాట. ఏ విభాగం లోపల హెచ్చుతగ్గులు ఎక్కువో అక్కడ ఎక్కువ ఇళ్లు తీయాలి. రొయ్యల రైతుల్లో అరెకరం చెరువువాళ్లూ ఉంటారు, వందెకరాలవాళ్లూ ఉంటారు. ఆ పెద్దవాళ్లు పదిమందే అయితే లాటరీ వద్దు, పదిమందినీ అడిగేయండి. వాళ్లలో ఒకరు తప్పిపోయినా మొత్తం లెక్క తలకిందులవుతుంది.

## 6. ప్రతి విభాగంలో విడిగా లాటరీ తీయండి

లంకల జాబితా తీసుకుని దగ్గరగా చూద్దాం. 1,200 కుటుంబాలు, మూడు లంకలు: 600, 400, 200. పూర్తయిన జవాబులు 80 కావాలి కాబట్టి 100 ఇళ్లు తీయాలి.

ముందు జాబితాను ఊరి ప్రకారం, ఊళ్లో వీధి లేదా పేట ప్రకారం, దాంట్లో ఇళ్ల వరుస ప్రకారం సర్దండి. రెండో మెట్టులో చెప్పిన ఉపాయం ఇదే. జాబితా ఇలా సర్దితే పేటలకు విడిగా గళ్లు గీయకుండానే వాటి వాటా వాటికి వచ్చేస్తుంది. ఎవరి కులం ఏమిటని అడగాల్సిన పనీ ఉండదు.

1,200 ను 100 తో భాగిస్తే 12. ఒకటి నుంచి పన్నెండు వరకు అంకెలు చీటీల మీద రాసి, అందరూ చూస్తుండగా ఒకటి తీయండి. 7 వచ్చిందనుకుందాం. 7, 19, 31, 43... ఇలా పన్నెండేసి కలుపుతూ జాబితా చివరిదాకా వెళ్లాలి. ఇలా లెక్కిస్తే మొదటి లంకలో 50, రెండోదాంట్లో 33, మూడోదాంట్లో 17 ఇళ్లు పడతాయి.

భాగహారం సరిగ్గా పోకపోయినా ఇబ్బంది లేదు. శివారులో 110 జవాబులకు 138 ఇళ్లు తీయాలి. 3,600 ÷ 138 = 26.087. సున్నాకీ 26.087 కీ మధ్య కంప్యూటర్ ఇచ్చిన అంకె 14.3 అనుకోండి. 14.3, 40.387, 66.474, 92.561... ప్రతిదాన్నీ పై పూర్ణ సంఖ్యకు తెచ్చుకుంటే 15, 41, 67, 93వ ఇళ్లు. అంతరాన్ని ముందే 26 అని గుండ్రం చేసేస్తే, 138 ఇళ్లు పూర్తయ్యేసరికి జాబితా చివర్లో కొన్ని ఇళ్లకు అవకాశమే రాకుండా పోతుంది.

స్ప్రెడ్‌షీట్ ఇష్టమైతే విభాగం జాబితా పక్కన ఒక నిలువు వరుసలో రాండ్ (RAND, లాటరీలా ఏదో ఒక అంకె ఇచ్చే) ఫంక్షన్ వేసి, వచ్చిన అంకెలను విలువలుగా అతికించి, ఆ వరుసతో సర్ది, పైనుంచి కావలసినన్ని తీసుకోవచ్చు. విలువలుగా అతికించడం మర్చిపోతే ఫైల్ తెరిచిన ప్రతిసారీ లాటరీ మారిపోతుంది. ఏ ఇల్లు ఎందుకు వచ్చిందో ఎవరికీ చూపించలేక టెన్షన్ పడతారు.

ఇళ్ల జాబితా దొరకని పరిస్థితిలో: ముందు ఊళ్లను లాటరీ తీసి, ఎంపికైన ఊళ్లలో మాత్రమే ఇళ్లు రాసుకోవచ్చు. పెద్ద ఊరికి పెద్ద అవకాశం వచ్చేలా, ఊళ్ల కుటుంబాల సంఖ్యలను ఒకదాని కింద ఒకటి కూడుకుంటూ వెళ్లి ఆ మొత్తం మీద లాటరీ తీయాలి. తర్వాత ప్రతి ఊళ్లోనూ సమానంగా ఇళ్లు తీయాలి.

ఇక్కడ నీళ్ల సర్వేకి ఒక చిక్కుంది. ఒక ఊళ్లో అందరూ తాగేది ఒకే మంచినీటి చెరువు నీళ్లు, లేదా ఒకే ప్లాంటు నీళ్లు. ఇరవైమందిని అడిగినా జవాబు దాదాపు ఒకటే. ఒక ఊరివాళ్ల జవాబుల మధ్య పోలిక 0.3 అనుకుంటే (ఏ పోలికా లేకపోతే 0, అందరి జవాబూ ఒకటే అయితే 1), ఊరికి 20 ఇళ్ల చొప్పున తీసిన 400 జవాబుల విలువ, విడివిడిగా తీసిన 60 జవాబులతో సమానం. అదే ఊరికి 5 ఇళ్ల చొప్పున తీస్తే 180 కి పైగా అవుతుంది. కాబట్టి ఎక్కువ ఊళ్లు, ఊళ్లో తక్కువ ఇళ్లు. తిరుగుడు ఎక్కువే, అయినా తప్పదు.

## 7. ఇంట్లో ఎవరిని అడగాలి

కుటుంబం గురించి వాస్తవం అడుగుతుంటే అది బాగా తెలిసినవాళ్లను అడగాలి. నీళ్ల విషయంలో అది ఎక్కువగా ఇంట్లో ఆడవాళ్లే. అరుగు మీద కూర్చున్న పెద్దాయన "మాకేం ఇబ్బంది లేదండి" అంటారు. లోపల బిందె మోసేవాళ్ల జవాబు వేరుగా ఉండొచ్చు.

అభిప్రాయం అడుగుతుంటే ఇంట్లో పెద్దవాళ్లందరినీ వయసు వరుసలో రాసి, చీటీ తీసి ఒకరిని ఎంచండి. తలుపు తీసినవాళ్లనే అడిగేస్తే పగటిపూట ఇంట్లో ఉండేవాళ్ల సర్వే అవుతుంది.

## 8. ఎప్పుడు వెళ్లాలి, గుమ్మం దగ్గర ఎలా మాట్లాడాలి

నాట్లు, కోతల రోజుల్లో కూలి కుటుంబాలు పొద్దున్నే వెళ్లిపోతాయి. సాయంత్రం అయిదున్నర తర్వాతే దొరుకుతారు. వరద కాలంలో లంకలకు వెళ్లడం కష్టం, ప్రమాదం కూడా. సంక్రాంతికి ఊళ్లన్నీ కళకళలాడతాయి కానీ అప్పుడు ఇంట్లో ఉన్నవాళ్లలో సగం మంది చుట్టాలు, ఉద్యోగాలనుంచి వచ్చినవాళ్లే. ఆ వారం సర్వే పెట్టుకోవద్దు.

లంకలకు రానూపోనూ రేవు దగ్గరే సమయం పోతుంది. పడవ ఎప్పుడుందో, ఆఖరి పంటు ఎప్పుడో ముందు రోజే కనుక్కోండి. ఒడ్డున ఒక రోజులో చేసినన్ని ఇళ్లు అక్కడ చేయలేరు. షెడ్యూలు, ఖర్చు మొదటే దానికి తగ్గట్టు వేసుకోకపోతే చివరికి కోత పడేది లంకల మీదే.

గుమ్మం దగ్గర మొదటి అనుమానం బియ్యం కార్డు, పింఛను గురించే ఉంటుంది. సూటిగా చెప్పేయండి:

"నమస్కారమండి పిన్నిగారూ. మేం కాలేజీ నుంచి వచ్చాం. వేసవిలో తాగేనీళ్ల గురించి నాలుగు ప్రశ్నలు అడుగుతాం. కార్డుకీ పింఛనుకీ దీనికీ సంబంధం లేదండి. మీ జవాబుల పక్కన పేరు రాయం. ఇష్టం లేకపోతే చెప్పేయండి, వెళ్లిపోతాం."

"ఆయ్, అడగండి. మా ఇంటికే ఎందుకొచ్చారండీ?"

"చీటీలు తీస్తే మీ ఇంటి నంబరు వచ్చిందండి. మీ బదులు ఇంకో ఇంటికి వెళ్లడానికి లేదు."

ఆ ఆఖరి మాట చెప్పాక చాలామంది కూర్చోమంటారు. ఊరి పెద్దనో, పార్టీ మనిషినో వెంట పెట్టుకుని వెళ్లకండి. తలుపులు త్వరగా తెరుచుకుంటాయి కానీ జవాబులు ఆ మనిషి మొహం చూసి వస్తాయి.

## 9. తాళం వేసిన ఇళ్లు

పక్కింటికి వెళ్లకండి. ఇదొక్కటి గట్టిగా పాటిస్తే సర్వే సగం నిలబడినట్టే. ఎప్పుడూ ఇంట్లో దొరికేవాళ్లు, ఎప్పుడూ పనిమీద ఉండేవాళ్లు ఒకరికొకరు బదులు కారు.

- మూడుసార్లు వెళ్లండి: ఒక ఉదయం, ఒక సాయంత్రం, ఒక ఆదివారం.
- ప్రతిసారీ రాయండి: పూర్తయింది / తాళం / వద్దన్నారు / ఎవరూ ఉండని ఇల్లు / ఇల్లే లేదు.
- చివరి రెండూ జవాబు రానివాటి కింద రావు. అవి జాబితా పొరపాట్లు. లంకల్లో తీసిన 100 లో 4 ఖాళీ ఇళ్లయితే, 1,200 లో సుమారు 48 ఖాళీ అని అంచనా వేసి, అసలు కుటుంబాలు 1,152 అని లెక్క మార్చుకోవాలి.

## 10. వెయిట్లు వేసి కలపండి

ఒక విభాగంలోని మొత్తం కుటుంబాలను అక్కడ పూర్తయిన జవాబులతో భాగిస్తే వచ్చేదే వెయిట్. ఒక్కో జవాబు ఎన్ని కుటుంబాల తరఫున మాట్లాడుతోందో అది చెబుతుంది. అనుకున్నట్టే జవాబులు వచ్చి, ఖాళీ ఇళ్లు లేవనుకుంటే: ఎగువలో 41.5, శివారులో 32.7, తీరంలో 22.5, లంకల్లో 15.

ఇప్పుడు ఫలితాలు ఇలా వచ్చాయనుకోండి. ఇబ్బంది పడ్డవి:

- ఎగువ: 130 లో 26, అంటే 20 శాతం
- శివారు: 110 లో 66, అంటే 60 శాతం
- తీరం: 80 లో 56, అంటే 70 శాతం
- లంకలు: 80 లో 40, అంటే 50 శాతం

అన్నీ కూడి 400 తో భాగిస్తే 188 ÷ 400 = 47 శాతం. ఇది తప్పు. తీరం, లంకల ఇళ్లను మనమే కావాలని ఎక్కువ తీశాం కదా.

సరైన లెక్క: 0.45 × 20 + 0.30 × 60 + 0.15 × 70 + 0.10 × 50 = 9 + 18 + 10.5 + 5 = 42.5 శాతం. కుటుంబాల్లో చెప్పాలంటే 12,000 లో 5,100. ముందు అంకె రాసి ఉంటే 5,640 అయ్యేది. లేని 540 కుటుంబాల ఇబ్బంది లెక్కలోకి వచ్చేది. ఏ అధికారైనా లెక్క సరిచూస్తే, ఉన్న ఇబ్బంది మీద కూడా నమ్మకం పోయేది.

తేడా లెక్క కూడా విభాగాల వారీగానే చేయాలి. ప్రతి విభాగానికీ వాటా వర్గాన్ని (వాటా × వాటా) శాతం × (1 − శాతం) తో గుణించి, జవాబుల సంఖ్యలో ఒకటి తగ్గించి దానితో భాగించండి. శాతాలను ఇక్కడ 0.20, 0.60 ఇలా దశాంశాల్లో వేయాలి. నాలుగింటినీ కూడి, వర్గమూలం తీసి, 1.96 తో గుణించండి. ఇక్కడ సుమారు 4.6 పాయింట్లు వస్తుంది. అంటే 38 నుంచి 47 శాతం మధ్య. ఊళ్లను ముందు లాటరీ తీసి ఉంటే ఈ సూత్రం చాలదు, తేడా ఇంకా పెరుగుతుంది.

## 11. తరచూ జరిగే తప్పులు, దిద్దుకునే దారి

"ప్రతి విభాగంలో 80 మందిని పట్టుకున్నాం." సంతలోనో టీ బడ్డీ దగ్గరో దొరికినవాళ్లతో 80 నింపితే అది కోటా. గీతలు సరిగ్గా ఉన్నా లోపల లాటరీ లేదు. సర్వే అయిపోయాక దీన్ని బాగుచేయలేం. తేడా పాయింట్లు రాయకుండా, "ఇది మాకు దొరికినవాళ్ల అభిప్రాయం" అని రాయాలి.

ఇల్లు తప్పు విభాగంలో పడింది. ఎగువ అనుకున్న ఊరు వెళ్లి చూస్తే శివారులా ఉంది. మధ్యలో మార్చకండి. లాటరీ ఏ విభాగం కింద తీశారో వెయిట్ అదే. ఫలితాలు చూపేటప్పుడు కావాలంటే వేరుగా గుంపు చేసుకోండి.

విభాగాలు చేయడం మర్చిపోయి సాధారణ లాటరీ తీసేశారు. మండలంలో ప్రతి విభాగం అసలు వాటా తెలిస్తే తర్వాతైనా ఆ వాటాల ప్రకారం వెయిట్లు వేయొచ్చు. ఏ విభాగంలోనైనా పదీ పన్నెండు ఇళ్లే వచ్చి ఉంటే దాన్ని పక్క విభాగంతో కలపాల్సి వస్తుంది.

ఒక విభాగంలో జవాబులు బాగా తగ్గాయి. లంకల్లో 80 కి 45 వచ్చాయి. వెయిట్ 15 నుంచి 26.7 కు పెరుగుతుంది, మొత్తం అంకె నిలబడుతుంది. కానీ జవాబివ్వని ఇళ్లు వలస వెళ్లినవాళ్లవే అయితే వెయిట్ దాన్ని సరిచేయలేదు. జవాబు రాని ఇళ్లలో కొన్నింటిని మళ్లీ లాటరీ తీసి, ఆ కొన్నింటి కోసం గట్టిగా తిరగండి.

జాబితాలో వరుసకూ అంతరానికీ లంకె పడింది. లేఅవుట్ కాలనీలో ప్రతి పన్నెండో ఇల్లు మూల స్థలం అయితే, 12 అంతరంతో అన్నీ మూల ఇళ్లే వస్తాయి. ఎంపికైన ఇళ్లను పటం మీద చుక్కలు పెట్టి చూడండి. అనుమానం వస్తే ఆ ఊరికి రాండ్ పద్ధతి వాడండి.

## 12. నివేదిక రాసేటప్పుడు

మండలం అంకె, విభాగాల అంకెలు, ప్రతిదాని పక్కనా జవాబుల సంఖ్య, అటూ ఇటూ తేడా పెట్టండి. ఎన్ని ఇళ్లు తీశారు, ఎన్ని జవాబిచ్చాయి, ఎవరు జాబితాలో లేరు, ఎవరిని లెక్కలోంచి మినహాయించారు అన్నవి మొదటి పేజీలోనే రాయండి. లాటరీలో వచ్చిన మొదటి అంకె, అంతరం, తీసిన తేదీ కూడా రాస్తే ఎవరైనా మళ్లీ లెక్కేసుకోవచ్చు. పేర్లూ ఇంటి నంబర్లూ ఉన్న షీటు మాత్రం ఎవరికీ ఇవ్వకండి.

విభాగాలను పోల్చేటప్పుడు తొందరపడకండి. శివారులో 60, లంకల్లో 50 అని చూడగానే "లంకల కంటే శివారు అధ్వానం" అని రాయాలనిపిస్తుంది. ఆ రెండింటి మధ్య ఉన్న 10 పాయింట్లకు, శాంపిల్ వల్ల వచ్చే ఊపు 14 పాయింట్లు. అలా రాయడానికి లేదు. ఎగువలో 20, శివారులో 60 అన్న తేడా మాత్రం గట్టిది. దాన్ని ధైర్యంగా శీర్షికలో పెట్టొచ్చు.